ముళ్ల జెల్లకున్న మర్యాద

ఇంటికి కుక్క దండగ. పిల్లి మరీ దండగ. చిలక సంగతి చెప్పనే అక్కర్లేదు, మనం లోపల అనుకున్న మాటలన్నీ చుట్టాల ముందు అప్పజెప్పి కొంప ముంచుతుంది. నా మాట విని ప్రతి ఇంట్లోనూ ఒక ముళ్ల జెల్లను పెంచండి! అద్దాల తొట్టి కొని, అడుగున ఇసక పరిచి, గాలి మోటారు పెట్టి, దర్జాగా పెంచండి.

ముళ్ల జెల్ల ఎలా ఉంటుందని మీరడగొచ్చు. అడగాలి కూడా. ఎందుకంటే అది ఉన్న ఇంటికి మీరు వందసార్లు వెళ్లినా మీకది కనపడదు. జానెడు చేప. నల్లటి ఒంటిమీద తెల్లటి చారలు, మూతికి మీసాలు, రెండు పక్కలా కొక్కేల్లాంటి ముళ్లు. పగలంతా తొట్టిలో వేసిన గొట్టం ముక్కలో దూరి పడుకుంటుంది. దీపాలన్నీ ఆరాక బయటికొచ్చి, అడుగున పడ్డ మేత తినేసి, తెల్లారేలోపు మళ్లీ గొట్టంలోకి వెళ్లిపోతుంది. చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటుంది, వలతో పట్టుకుంటే చిక్కుకుంటుంది, మరీ విసిగిస్తే కిర్రుకిర్రుమని అరుస్తుంది. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు బతుకుతుందట.

కళ్లబడదు, ముట్టుకోనివ్వదు, పదిహేనేళ్లు మనతోనే ఉంటుంది. ఇంతకన్నా మంచి చుట్టం ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! దాన్ని పొద్దున్నే వీధిలో తిప్పుకురానక్కర్లేదు. అది చెప్పులు కొరకదు. రంగురంగుల చేపల్ని పెంచి చూడండి, వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ఇది చిక్కిందేమండీ, దాని తోక వంకరేమండీ అంటూ మన పిల్లల్ని వంక పెట్టినట్టే పెడతారు. జెల్లకి ఇంతవరకూ ఒక్కరూ వంక పెట్టలేదు. పెంపుడు జంతువులు కూడదని మా భవనం సెక్రటరీ ఇల్లిల్లూ తనిఖీ చేస్తూ ఒక ఇంట్లో తొట్టి దగ్గర పావుగంట నిలబడి, చివరికి కాగితంమీద ‘ఏమీ లేవు’ అని సంతకం పెట్టి వెళ్లారు.

నమ్మకం కుదరలేదా? అయితే ఆ ఇంటి సంగతే చెబుతాను వినండి.

ఆ ఇంటి పెద్దాయన ఒక మిల్లు గేటు దగ్గర ముప్ఫై నాలుగేళ్లు టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికెళ్లారు, రాసుకోవడమే పని. వీడ్కోలు సభకి తోటివాళ్లు గోడగడియారం కొనబోయి, జీవితమంతా గడియారం చూసిన మనిషికి మళ్లీ గడియారమేమిటని నాలిక కరుచుకుని, చేపల తొట్టి కొన్నారు. ఇన్నాళ్లూ వచ్చేపోయే మనుషుల్ని చూశారు, ఇక వచ్చేపోయే చేపల్ని చూసుకుంటారులే అని వాళ్ల ఉద్దేశం. కొట్టువాడు అందులో ఒక జెల్లని వేసిచ్చాడు. అది రాదు, పోదు.

వారంరోజులు టైమ్‌కీపరు గారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గొట్టం బాగా కనిపించింది.

“ఖాళీ తొట్టికి మోటారెందుకండీ, కరెంటు దండగ” అంది ఆయన భార్య.

“ఖాళీ అనకు! వాడు నైట్ డ్యూటీ” అన్నారాయన.

అంతే, ఆ ఒక్క మాటతో జెల్ల దశ తిరిగిపోయింది. మిల్లు క్వార్టర్సులో ఒక కట్టుబాటు ఉండేది. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నవాడి తలుపు ఎవరూ తట్టకూడదు. ఆ వాకిట్లో పిల్లలు బంతాడరు, పాలవాడు గంట కొట్టడు, అప్పులవాడైనా సరే సాయంత్రం దాకా ఆగాల్సిందే. టైమ్‌కీపరు గారు ఆ కట్టుబాటునంతా తీసుకొచ్చి ముందుగదిలో పెట్టారు. టీవీ గొంతు తగ్గింది. మిక్సీ తిప్పాలంటే వంటింటి తలుపు మూసుకోవాలి. ఎవరైనా గట్టిగా నవ్వితే ఆయన వేలు పెదాలమీద పెట్టి తొట్టివైపు చూపించేవారు.

రిజిస్టరు కూడా తెరిచారు. సాయంత్రం నాలుగు మేత బిళ్లలు వేయడం, పొద్దున్న బిళ్లలు లేకపోతే ‘హాజరు’ అని రాయడం. చూడ్డానికి కాస్త కళగా ఉంటుందని ఒకసారి అరడజను బుల్లి చేపల్ని కూడా తెచ్చి వేశారు. మర్నాడు అయిదే ఉన్నాయి. ఆ మర్నాడు మూడు. వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. ఆ ఆరు చేపలకీ ఎదురుగా ‘సెలవు చీటీ లేకుండా గైర్హాజరు’ అని రాసుకున్నారు గానీ, నైట్ డ్యూటీ వాణ్ని అనుమానించడానికి ఆయనకి మనసొప్పలేదు.

ఇక అదే ఇంట్లో, ఆ తొట్టికి నాలుగడుగుల దూరంలో, మూసిన తలుపు వెనక కోడలు ఉండేది.

కోడలిది లిఫ్టుల కంపెనీలో హెల్ప్‌లైన్ ఉద్యోగం. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోయి లోపలివాళ్లు ఎర్రబటన్ నొక్కితే ఆమె చెవిలో మోగుతుంది. మెకానిక్ వెళ్లేదాకా వాళ్లని మాటల్లో పెట్టి, గాభరా పడకుండా చూడాలి. కంపెనీ వాళ్లు కంప్యూటరూ హెడ్‌ఫోనూ ఇచ్చి ఇంట్లోంచే చెయ్యమన్నారు. పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా ఎంతమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆమె గొంతు వింటుంటారో లెక్క లేదు. అయినా ఎవరైనా వచ్చి “మీ కోడలేం చేస్తుందండీ?” అంటే ఆ ఇంట్లో చెప్పే జవాబు ఒకటే.

“ఇంట్లోనే ఉంటుంది.”

అత్తగారు గయ్యాళి కాదు, మామగారు అసలే కాదు. అదే వచ్చిన చిక్కు! గయ్యాళి అత్త అయితే మాట్లాడ్డం మానేసేది, తలుపు దానంతటదే ప్రశాంతంగా ఉండేది. వీళ్లకి కోడలంటే ప్రాణం. అందుకని పావుగంటకోసారి తలుపు తట్టేవారు. “అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?” “అమ్మాయ్, ఈ ఫోను ఎందుకో చీకటైపోయింది.” “అమ్మాయ్, టీ తాగుతావా?” అన్నిటికన్నా ఆమె మనసుకి గుచ్చుకునేది మాత్రం తలుపు సందులోంచి మెల్లగా వచ్చే మాట. “పడుకున్నావా అమ్మా?”

మామగారి తప్పేం లేదు. ఆయన లెక్కలో గేటు దాటినవాడు డ్యూటీలో ఉన్నట్టు, దాటనివాడు ఇంట్లో ఉన్నట్టు. కోడలు ఏ గేటూ దాటలేదు. ఏ కార్డూ పంచ్ చెయ్యలేదు. ముప్ఫై నాలుగేళ్ల అనుభవాన్ని ఒక హెడ్‌ఫోను కోసం మార్చుకోమంటే ఎలా?

ఒకసారి నాలుగో అంతస్తులో చిక్కుకున్న ఒకావిడకి కోడలు ధైర్యం చెబుతుంటే వెనకనుంచి “పాలు పొంగుతున్నాయ్, పరిగెత్తు!” అని వినపడింది. ఆవిడ లిఫ్టులో ఎటు పరిగెత్తాలో తెలియక ఏడ్చింది. నిజం చెప్పాలంటే కోడలికి ఆ రోజుల్లో జెల్లమీద అసూయ పుట్టింది. గొట్టంలో పడుకున్న చేపకి ఇంత మర్యాద! దాని గాజు తట్టడానికి చుట్టాల పిల్లలక్కూడా ధైర్యం లేదు. తన తలుపుకేమో అడ్డే లేదు.

సరే, అసలు కథకొస్తాను. ఒక శనివారం మామగారు తొట్టి కడగడానికి పూనుకున్నారు. కొట్టువాడిచ్చిన జాగ్రత్తల కాగితంలో వల వాడకూడదని స్పష్టంగానే ఉంది, కానీ ఆ వరస కాస్తా మడతలో పడిపోయింది. ఆయన వల వేశారు. జెల్ల ముళ్లు పదహారు చోట్ల వలకి పట్టుకున్నాయి. లాగితే ముల్లు విరుగుతుంది, వదిలేస్తే ఊపిరాడదు.

సరిగ్గా అప్పుడే లోపల కోడలు ఒక పెద్దమనిషితో మాట్లాడుతోంది. ఆయన లిఫ్టు అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. “ఏం భయం లేదు సార్. లిఫ్టు తాళ్లు చాలా గట్టివి. మెకానిక్ బయల్దేరాడు. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి” అంటోంది. తలుపు భళ్లున తెరుచుకుంది. వలా బకెట్టూ పట్టుకుని మామగారు, ఆయన వెనకే అత్తగారు.

“అమ్మాయ్, కత్తెర! తొందరగా! ప్రాణం పోయేలా ఉంది!”

“ఎవరి ప్రాణం మేడమ్?” అన్నాడు లిఫ్టు పెద్దమనిషి.

“ఏం లేదు సార్, మీరు...”

“ఒక్కో పోగే కొయ్యండి, ఒక్కసారిగా కోస్తే కిందపడి చస్తుంది!” అంది అత్తగారు.

జెల్ల కిర్రుమంది.

“మేడమ్! ఆ చప్పుడు తాడుదేనా? కొయ్యొద్దని చెప్పండి మేడమ్! మీకు దణ్ణం పెడతాను!”

జెల్ల బతికింది. లిఫ్టు పెద్దమనిషీ క్షేమంగానే బయటపడ్డాడు. పడ్డవాడు ఊరుకున్నాడా? తాను గాల్లో వేలాడుతుండగా హెల్ప్‌లైన్ వాళ్లు దగ్గరుండి తాడు కోయించారని రెండు పేజీల కంప్లైంటు రాశాడు.

సూపర్‌వైజరు కోడలికి ఫోన్ చేసింది. “షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టుకి నీ పేరే రాశాను. ఇప్పుడీ కంప్లైంటు వచ్చి కూర్చుంది. పై బుధవారం పదకొండునుంచి పన్నెండుదాకా నీ కాల్స్ పైవాళ్లు వింటారు. ఆ గంటా బాగుంటే పోస్టు నీదే. వెనకనుంచి ఒక్క మాట వినపడినా హెడ్‌ఫోను వాపసు పంపించెయ్యమంటారు. నేనేం చెయ్యలేను. గంటసేపు నిశ్శబ్దం దొరుకుతుందా మీ ఇంట్లో?”

దొరుకుతుందంది కోడలు. ఆ ఉద్యోగం ఆమెకి ఇష్టం. మొహం తెలియని మనిషి భయం తన మాటతో తగ్గిపోతుంటే ఆమెకి కడుపు నిండినట్టుండేది. అది పోతే నిజంగానే ఇంట్లోనే ఉండిపోవాలి.

మామగారితో చెప్పింది. ఆయన అంతా శ్రద్ధగా విని, “ఓస్, ఇంతేనా! ఆ గంటా చీమ కూడా చిటుక్కుమనదు. నాది పూచీ!” అన్నారు. సరేనని మర్నాడొక రిహార్సల్ పెట్టుకుంది. అయిదు నిమిషాలు అద్భుతంగా గడిచాయి. ఆరో నిమిషంలో తలుపు తట్టి, “అమ్మాయ్, నిశ్శబ్దం సరిపోయిందా?” అని అడిగారు.

ఈలోగా జెల్లకి జరిగిన అన్యాయానికి కుమిలిపోయి ఆయన ఆ జాగ్రత్తల కాగితాన్ని లామినేషన్ చేయించి తొట్టికి అంటించారు. ‘గాజుమీద తట్టకూడదు. పగలు కదిలించకూడదు. గుహలోంచి బయటికి లాగకూడదు.’ కోడలు దానికో జిరాక్స్ తీసి తన తలుపుకి అంటించుకుంది. పది నిమిషాలు కాలేదు, తలుపు టకటకమంది.

“అమ్మాయ్, నీ తలుపుమీద ఎవరో ఏదో అంటించారు. ఏమిటో చూడు!”

ఆ పూట ఆమె తలుపుకి వీపు ఆనించి నేలమీద కూలబడింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. తన మొగుడు ప్రింటింగ్ ప్రెస్సులో మెషిన్‌మ్యాన్. మొన్న వంటింట్లో పైపు పగిలి మోకాలిలోతు నీళ్లొచ్చినా అతనికి ఫోన్ చెయ్యలేదు. “వాడు డ్యూటీలో ఉన్నాడు, పిలవకూడదు” అన్నారు మామగారు. గొట్టంలో జెల్లా డ్యూటీయే. అంటే ఈ ఇంట్లో మర్యాద కావాలంటే పని చేస్తే సరిపోదు, కనపడకుండా పోవాలి! జెల్ల ఈ సంగతి మొదటిరోజే కనిపెట్టింది. చేపకున్న తెలివి తనకి లేకపోయిందే అని కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, ముళ్ల జెల్ల ఎంత గొప్ప గురువో?

“మామయ్యగారూ, రేపటినుంచి ఆఫీసుకి వెళ్తున్నాను” అంది సాయంత్రం.

ఆయన మొహం విప్పారింది. “శభాష్! గేటు టైమెంత?”

“తొమ్మిది. సాయంత్రం ఆరు.”

ఆఫీసు ఎక్కడని ఎవరూ అడగలేదు. టైమ్‌కీపరుకి గేటు టైము తెలిస్తే చాలు, గేటు ఎక్కడుంటేనేం? మొగుడికి మాత్రం అసలు సంగతి చెప్పింది. అతను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వి, ఆమె గది బాల్కనీ తలుపు కీలుకి కిర్రుమనకుండా నూనె వేసి పెట్టాడు.

మర్నాడు తొమ్మిదికి పది నిమిషాలుందనగా కోడలు జడేసుకుని, బ్యాగు తగిలించుకుని, గది తలుపు లోపల గడియ పెట్టి, బాల్కనీలోంచి... కాదు, తప్పు చెబుతున్నాను. ముందుగా గది తలుపుకి బయటినుంచి తాళం వేసినట్టు అత్తగారికి కనపడేలా చెయ్యాలి కదా! లోపలి బొత్తాం నొక్కి, బయటికొచ్చి మూస్తే దానంతటదే పడే తాళం, ఆ బాధ లేకపోయింది. అత్తగారు లంచ్‌బాక్సు కట్టిచ్చింది. పెళ్లయి మూడేళ్లలో కోడలికి కట్టిన మొదటి లంచ్‌బాక్సు! “బాగా అలిసిపోతావేమో తల్లీ” అని చెయ్యి పట్టుకుంది. మామగారు గడపలో నిలబడి రిజిస్టర్లో జెల్ల వరస కింద కొత్త గీత గీసి, ‘8.52 అవుట్’ అని రాసుకున్నారు.

కోడలు ముందువైపు మెట్లు దిగింది. భవనం చుట్టూ తిరిగింది. వెనక ఇనప మెట్లెక్కి, చెప్పులు చేత్తో పట్టుకుని, తన గది బాల్కనీలోంచి లోపలికెళ్లి, హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చుంది. తొమ్మిదైంది. పదైంది. తలుపు ఎవరూ తట్టలేదు.

తలుపవతల నాలుగడుగుల దూరంలో ఇల్లు తన మానాన తాను నడిచిపోతోంది. కళ్లజోడు దానంతటదే దొరికింది. ఫోను వెలిగింది. పాలు పొంగకముందే అత్తగారు స్టవ్ కట్టేసింది. ఇవన్నీ తాను లేకపోతే జరగవేమో అని ఇన్నాళ్లూ అనుకున్నందుకు కోడలికి కాస్త చిన్నతనం కూడా వేసింది.

ఒకటే ఇబ్బంది. గట్టిగా మాట్లాడకూడదు. ఇంట్లో లేని మనిషి గొంతు ఇంట్లో వినపడితే ఇంకేమైనా ఉందా! అందుకని కాల్స్ అన్నీ గుసగుసగా, నెమ్మదిగా, ఒక్కో మాటా ఆచితూచి మాట్లాడేది. తొట్టి మోటారు చప్పుడులో అది చాలావరకు కలిసిపోయేది. కలవనిదేమైనా మామగారి చెవిన పడితే ఆయన సంబరపడిపోయేవారు.

“విన్నావా? వాడు పగలు కూడా మాట్లాడుతున్నాడు!”

“నాకేదో ‘ఊపిరి తీసుకోండి’ అన్నట్టు వినపడిందండీ” అంది అత్తగారు ఒకసారి.

“చేప మరింకేమంటుందే!” అన్నారాయన.

బుధవారం వచ్చింది. పదకొండు కొట్టింది. మొదటి కాల్ ఒక ముసలావిడది. కూరగాయల సంచీతో లిఫ్టులో ఇరుక్కుంది, దీపం కూడా పోయిందట. కోడలు నెమ్మదిగా మాట్లాడుతూ సంచీలో ఏమేం ఉన్నాయో తడిమి చెప్పమంది. ఆవిడ వంకాయలు లెక్కపెడుతోంది. అప్పుడు తలుపవతల అడుగుల చప్పుడు.

“ఇదుగో, తొట్టి అటు పట్టుకో. అమ్మాయి గది పగలంతా ఖాళీయేగా! చీకటి, ప్రశాంతత, వాడికి దివ్యంగా ఉంటుంది.”

తలుపు పిడి కదిలింది. మ్యూట్ నొక్కితే అవతల చీకట్లో ఉన్న ముసలావిడ బెంబేలెత్తుతుంది. నొక్కకపోతే ఈ మాటలన్నీ పైవాళ్ల చెవిలో పడతాయి. కోడలు మైకు చుట్టూ రెండు చేతులూ మూసి, పెదాలు దానికి ఆనించి, “మీ పక్కనే ఉన్నాను అమ్మమ్మగారూ, ఎక్కడికీ వెళ్లను. వంకాయలయ్యాక ఏమున్నాయి?” అంది.

పిడి మళ్లీ కదిలింది. తలుపు రాలేదు.

“ఆగండాగండి,” అంది అత్తగారి గొంతు. “డ్యూటీకెళ్లిన మనిషి గది తెరుస్తారా ఎవరైనా? తప్పు కదూ!”

పిడి వదిలిన చప్పుడైంది.

“నిజమే సుమా! ఈ వయసులో నాకు బుద్ధి గడ్డి తింది” అన్నారు మామగారు. అడుగులు వెనక్కెళ్లాయి. పన్నెండయ్యేదాకా ఆ ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు.

మూడున్నరకి సూపర్‌వైజరు ఫోన్ చేసింది. “పైవాళ్లు ఏమన్నారో తెలుసా? ఇంత చల్లటి గొంతు మన హెల్ప్‌లైన్లో ఇంతవరకూ లేదన్నారు. అందరికీ ఇలా మెల్లగా మాట్లాడ్డం నేర్పించమన్నారు. పై నెలనుంచి నువ్వే ఇన్‌ఛార్జివి!”

కోడలికి కేక వెయ్యాలనిపించింది. తలుపు తెరుచుకుని వెళ్లి అత్తగారిని కావిలించుకోవాలనిపించింది. నాలుగడుగులే! కానీ తను ఆఫీసులో ఉంది కదా. ఆరు దాకా రెండున్నర గంటలు ఆ సంతోషాన్ని తలగడలో మొహం దాచుకుని దిగమింగింది. గోడవతల అత్తగారు ఎవరితోనో, “మా కోడలా? పాపం, పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా ఒంచిన నడుము ఎత్తదు” అనడం విని, ఇన్‌ఛార్జి పోస్టు వచ్చినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

ఆరైంది. వెనక మెట్లు దిగి, భవనం చుట్టూ తిరిగి, ముందు మెట్లెక్కి బెల్లు కొట్టింది. మామగారు రిజిస్టరు పట్టుకునే తలుపు తీశారు. గడపలోనే నిలబడి సంగతి చెప్పింది. అత్తగారు రెండు చేతులతో మొహం నిమిరి మెటికలు విరిచింది. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, కళ్లు కూడా తుడుచుకున్నారు.

“చూశావా అమ్మాయ్!” అన్నారు గర్వంగా. “ఇంట్లో కూర్చుంటే వచ్చేదా ఇది?”

“వచ్చేది కాదు మామయ్యగారూ” అంది కోడలు.